నియోరెజీలియాను, ఎక్మియాను ఇంట్లో సంకరం చేయవచ్చా? పూత, పుప్పొడి, గింజల గురించి సలహా కావాలి

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. కొన్నేళ్లుగా ఇంట్లో బ్రొమీలియాడ్లు, అంటే అనాస కుటుంబపు మొక్కలు, పెంచుతున్నాను. నా దగ్గర ఎర్రని నియోరెజీలియా కరోలినే మొక్కలు నాలుగైదు, ఆకుల మీద వెండి పట్టీలుండే ఎక్మియా ఫాసియాటా ఒకటి, బిల్‌బెర్జియా నూటాన్స్ గుబురు ఒకటి, గుజ్మానియాలు రెండు ఉన్నాయి. తల్లి మొక్క పూసి మెల్లగా ఎండిపోతున్నప్పుడు, దాని పక్కన పుట్టిన పిలకలు తల్లిలో మూడో వంతు ఎదిగాక వాటిని వేరు చేసి నాటుకోవడమే ఇంతవరకు నేను చేస్తూ వచ్చిన పని. పిలకకు ఎప్పుడూ తల్లి పోలికే వస్తుంది. ఈసారి రెండు మొక్కలను కలిపి, గింజ నుంచి ఒక కొత్త మొక్కను పెంచి చూడాలని ఉంది.

నియోరెజీలియా ఎరుపును, ఎక్మియా వెండి పట్టీలను ఒకే మొక్కలోకి తీసుకురావాలన్నది నా ఆలోచన. ఒక నియోరెజీలియాకు నడిమి ఆకులు ఎర్రబడి, లోపల నీళ్లు నిలిచే గుంటలో మొగ్గలు కనిపిస్తున్నాయి. ఎక్మియా బాగా ఎదిగినా పూత జాడ లేదు. పండిన ఆపిల్‌ను పక్కన పెట్టి సంచి కప్పితే పూస్తుందని విన్నాను. అది నిజమేనా, దానివల్ల మొక్కకు హాని ఏమైనా ఉంటుందా? నియోరెజీలియా పువ్వులు నీళ్ల మట్టానికే ఉంటాయి కదా, వాటికి పుప్పొడి ఎలా అద్దాలి? బిల్‌బెర్జియా, గుజ్మానియాల పుప్పొడిని కూడా దీని మీద ప్రయత్నించవచ్చా?

మరొక సందేహం. నా నియోరెజీలియాల్లో ఒకటి ఈ మధ్య ఎరుపు పోగొట్టుకుని దాదాపు పచ్చగా మారింది. అలాంటి మొక్కను సంకరణానికి వాడితే పిల్ల మొక్కలు కూడా పచ్చగానే వస్తాయా?

మొదటి జవాబు

ఆపిల్ సంగతి నిజమే. పండుతున్న ఆపిల్ ఎథిలీన్ వాయువును వదులుతుంది, ఎదిగిన బ్రొమీలియాడ్ ఆ వాయువు తగిలితే ఆకులు వేయడం ఆపి పూత వైపు మళ్లుతుంది. అనాస కూడా ఈ కుటుంబానికి చెందిన మొక్కే. అజోర్స్ దీవుల్లో గాజు ఇళ్లలో పెంచే అనాసకు పొగ పట్టించి, తోటంతా ఒకేసారి పూసేలా చేసే పద్ధతి 19వ శతాబ్దంలోనే మొదలైంది. ఆ పొగలో పని చేసింది ఎథిలీనే అన్నది తర్వాత తేలిన విషయం. మీరు చేయవలసిందల్లా ఎక్మియా నడిమి గుంటలోని నీళ్లు పూర్తిగా ఒంపేసి, పండిన ఆపిల్‌తో సహా మొక్కను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో మూసి, నేరుగా ఎండ తగలని చోట వారం పది రోజులు ఉంచి, తర్వాత సంచి తీసి మామూలుగా నీళ్లు పోయడం. మొగ్గ కనిపించడానికి మొక్కను బట్టి ఆరు నుంచి పద్నాలుగు వారాలు పడుతుంది.

హాని గురించి అడిగారు. ఒక మొక్క జీవితంలో పూసేది ఒక్కసారే, ఎందుకంటే పూకాడ పుట్టేది ఆ మొక్క చిగురు నుంచే. అది పూకాడగా మారాక కొత్త ఆకు రావడానికి చోటు మిగలదు. ఎదగని మొక్క ఒక్కోసారి ఆపిల్‌కు అసలు స్పందించదు. ఒకవేళ స్పందించినా చిన్న పూత వేసి, బలహీనమైన పిలకలు పెట్టి ముగిసిపోతుంది. మీ ఎక్మియా నిండుగా ఎదిగిందంటున్నారు కాబట్టి భయపడనవసరం లేదు.

అయితే ఇప్పుడు ఆపిల్ పెడితే ఎక్మియా పూసే నాటికి ప్రస్తుతం మొగ్గ మీదున్న నియోరెజీలియా పూత అయిపోతుంది. పుప్పొడిని దాచి వాడుకోవడం ఒక మార్గం. పువ్వు విప్పారిన ఉదయమే పుప్పొడి తిత్తులను తుంచి, చిన్న కాగితం పొట్లంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గట్టి మూత సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాలు పనికొస్తుంది. అంతకన్నా నేను నమ్మే పద్ధతి మరొకటి ఉంది. మీ దగ్గర నియోరెజీలియాలు నాలుగైదు ఉన్నాయి కదా, వాటిలో ఎదిగిన మరొకదానికి కూడా ఆపిల్ పెట్టండి. నియోరెజీలియా సాధారణంగా త్వరగా స్పందిస్తుంది కాబట్టి ఎక్మియాకు ముందు, దీనికి రెండు మూడు వారాలు ఆలస్యంగా పెట్టండి. నియోరెజీలియా పూత ఒక్క రోజుతో అయిపోదు, బయటి వరుస నుంచి లోపలికి రోజుకు కొన్ని పువ్వుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. అందువల్ల రెండూ కలిసే రోజులు దొరుకుతాయి.

ఇప్పుడు పూతకు వచ్చిన మొక్కను చేయి తిప్పుకోవడానికి, ముఖ్యంగా ఒక పరీక్షకు వాడుకోండి. మీ మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టే రకమా, కాదా అన్నది ముందుగా తెలుసుకోవాలి. అది తెలియకుండా చేసిన సంకరణంలో వచ్చిన పిల్లలు నిజంగా సంకరాలో, తల్లి సొంత గింజలో చెప్పడం చాలా కష్టం. కొన్ని పువ్వులను అసలు ముట్టుకోకుండా వదిలేయండి. కొన్నింటికి పుప్పొడి తిత్తులు తీసేసి, ఏ పుప్పొడీ అద్దకుండా ఉంచండి. ముట్టుకోనివి కాయ కడితే అది ఆత్మ పరాగ సంపర్కం వల్లో, పురుగుల వల్లో జరిగినట్టు. తిత్తులు తీసినవి కూడా కాయ కడితే, తీయడం ఆలస్యమై తిత్తులు అప్పటికే పగిలాయనో, చీమలో చిన్న తేనెటీగలో పుప్పొడి మోసుకొచ్చాయనో అర్థం. ఆ పరిస్థితిలో పల్చని వల గుడ్డ కప్పకుండా సంకరణానికి దిగవద్దు.

ఇక పువ్వు విషయం. సాయంత్రం పూట దీపం పట్టుకుని గుంటలోకి చూస్తే, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలు మిగతావాటి కన్నా కొంచెం పైకి లేచి, కొసన ఊదా రంగు రేకు మొన తొంగి చూస్తూ కనిపిస్తాయి. నీటి మట్టాన్ని సిరంజితో పువ్వుల కిందకు తగ్గించండి, పక్క ఆకుల మొదళ్లలోని నీళ్లను మాత్రం కదిలించవద్దు. సన్నని సూదితో ఆ మొగ్గ రేకులను ఒక పక్క నిలువుగా చీల్చి, కీలానికి (పువ్వు నడుమ ఉండే ఆడ కాడకు) గీటు పడకుండా లోపలి ఆరు కేసరాల తిత్తులను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసేయండి. ఈ సమయంలో తిత్తులు ఇంకా నున్నగా, మూసుకుని ఉండాలి. పొడి రాలుతున్నట్టు కనిపిస్తే ఆ పువ్వును వదిలి మరొకటి ఎంచుకోండి. మరునాటి ఉదయం భూతద్దంతో చూస్తే, మూడు చీలికలు మెలితిరిగి ఉండే కీలాగ్రం తడిగా మెరుస్తూ కనిపిస్తుంది. తండ్రి మొక్క నుంచి అప్పుడే పగిలిన తిత్తిని పట్టకారుతో పట్టుకుని, పసుపు పొడి అంటుకున్నట్టు కంటికి తెలిసేదాకా ఆ మెలికల మీద రాయండి. నియోరెజీలియా పువ్వు విచ్చుకున్న రోజే ముడుచుకుపోతుంది కాబట్టి ఈ పని మధ్యాహ్నం దాకా ఆగదు. రెండు రోజుల పాటు గుంటలో నీళ్లు తక్కువగానే ఉంచండి.

ఎక్మియా ఫాసియాటాను తల్లిగా పెట్టుకుంటే ఈ నీళ్ల బెడద ఉండదు. దాని నీలి పువ్వులు గులాబీ రంగు ముళ్ల ఆకుల మధ్య నుంచి, గుంటకు పైన, చేతికి అందేలా వస్తాయి. వీలైతే రెండు వైపులా చేయండి, ఒక దిశలో కాయ కట్టని జత రెండో దిశలో కట్టడం కద్దు. బిల్‌బెర్జియా విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. దాని కీలం పొడవైనది, అడుగున ఉన్న అండాశయం దాకా అంత దూరం పుప్పొడి నాళం పెరగాలి. పొట్టి కీలమున్న నియోరెజీలియా పుప్పొడికి ఆ ప్రయాణం కష్టం కాబట్టి బిల్‌బెర్జియాను తండ్రిగా వాడటమే మేలు. గుజ్మానియా మాత్రం వేరే ఉపకుటుంబానిది. దాన్ని నియోరెజీలియాతో కలపడానికి పువ్వులు వృథా చేయకండి. అది తన ఉపకుటుంబానికే చెందిన వ్రీసియాతో కలిసి సంకరాలు ఇచ్చింది, వాటిని గుజ్‌వ్రీసియా అంటారు.

రెండవ జవాబు

పై జవాబులోని పద్ధతి మీద నాకు పేచీ లేదు, ఎంచుకున్న జత మీదే ఉంది. ఎక్మియా ఫాసియాటా మీద కనిపించే వెండి పట్టీ ఆకు లోపలి రంగు కాదు. అది ఆకు ఉపరితలాన్ని కప్పిన సూక్ష్మమైన పొలుసు రోమాల పొర. గోటితో మెల్లగా రుద్ది చూడండి, అక్కడ వెండి పోయి పచ్చని ఆకు బయటపడుతుంది. నియోరెజీలియా ఎరుపు మాత్రం ఆకు కణాల్లో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వచ్చేది. సంకర మొక్కలో ఈ రెండూ తలా కొంత వస్తే, ఎర్రని ఆకు మీద మెరిసే వెండి కన్నా, సగం పొలుసుల కింద మసకబారిన ఎరుపు చూసే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. నియోరెజీలియా, ఎక్మియాల సంకరాలు ఇదివరకే ఉన్నాయి, వాటిని నియోమియా అంటారు. అందమైనవీ ఉన్నాయి. కానీ ఇలా రెండు ప్రజాతులను (దగ్గరి జాతుల గుంపులను) కలిపినప్పుడు పుట్టే మొక్కలు తరచుగా గొడ్డువి. మొదటి తరం నచ్చకపోతే, దాన్ని మళ్లీ తల్లిదండ్రులతో కలిపి దిద్దుకునే దారి మూసుకుపోతుంది.

బిల్‌బెర్జియాను ఇదే కుటుంబంలోని క్రిప్టాంథస్‌తో కలిపిన క్రిప్ట్‌బెర్జియా దీనికి మంచి ఉదాహరణ. ఈ కుటుంబంలో అత్యధిక మొక్కలకు 50 క్రోమోజోములు ఉంటే క్రిప్టాంథస్‌కు 34 ఉంటాయి. అయినా ఆ రెండూ కలిసి మొక్క పుట్టింది, పిలకలతో వ్యాపించింది, గింజ మాత్రం కట్టదు. మొదటిసారి సంకరణం చేసేవారికి ఇటువంటి ముగింపు నిరుత్సాహం కలిగిస్తుంది.

నా మాట వింటే నియోరెజీలియాను నియోరెజీలియాతోనే కలపండి. ఈ ఒక్క ప్రజాతిలోనే ఎంత తేడా ఉందో చూడండి: పిడికిలిలో పట్టేంత చిన్నగా ఉండి, పొడవైన కాడల చివర పిలకలు వేస్తూ పాకే 'ఫైర్‌బాల్' ఒక పక్క, వెడల్పాటి ఆకుల మీద మచ్చలుండే మార్మొరాటా మరో పక్క, ఆకు కొసన గోరింటాకు పెట్టినట్టు ఎర్రని మొనలుండే స్పెక్టాబిలిస్ ఇంకో పక్క. మీ కరోలినే ఎరుపును 'ఫైర్‌బాల్' పొట్టితనంతో కలపడం స్పష్టమైన లక్ష్యం. పిల్లల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూడగానే చెప్పగలుగుతారు. లక్ష్యం లేకుండా పూసినవాటన్నిటినీ కలిపితే వచ్చేవి వందల కొద్దీ మొక్కలు, వాటిలో ఏది మంచిదో చెప్పే కొలమానం మీ దగ్గర ఉండదు, పెట్టడానికి చోటూ ఉండదు. ఇంట్లో సంకరణం చేసేవారికి అసలు కొరత పుప్పొడి అద్దే నైపుణ్యం కన్నా చోటుకే.

తల్లిదండ్రులు రెండూ సహజ జాతులైతే మొదటి తరం పిల్లలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి, అసలు వైవిధ్యం వాటిని వాటితోనే కలిపిన రెండో తరంలో బయటపడుతుంది. అంగళ్లలో దొరికే ఎర్రని నియోరెజీలియాల్లో చాలా భాగం ఇప్పటికే సంకరాలు కాబట్టి, మీకు మొదటి తరంలోనే రకరకాల పిల్లలు రావచ్చు. చారల ఆకుల మొక్కలను వాడాలని ఎప్పుడైనా అనిపిస్తే, చారల మొక్క తల్లి కావాలి, తండ్రి అయితే లాభం లేదు. ఆ చారకు కారణమైన హరితరేణువులు ఈ మొక్కల్లో ప్రధానంగా తల్లి వైపు నుంచే పిల్లలకు వస్తాయి. ఆకు నిండా సన్నని చారలు చెదురుమదురుగా ఉన్న తల్లి అయితే కొన్ని చారల పిల్లలు వస్తాయి. తెల్లగా మొలిచిన పిల్లలు మాత్రం హరితం లేక కొద్ది వారాల్లో చనిపోతాయి, వాటిని బతికించే ఉపాయం లేదు.

పచ్చబడిన మొక్క గురించి: వెలుతురు తగ్గడం, నత్రజని ఎక్కువ కావడం, ఈ రెండూ నియోరెజీలియా ఎరుపును మింగేస్తాయి. జన్యువులు మారలేదు కాబట్టి దాన్ని తల్లిగా వాడటానికి అభ్యంతరం లేదు. కానీ మొక్క అసలు రంగు ఏమిటో తెలియకుండా జత కుదర్చకూడదు. ఎరువు ఆపి, వెలుతురు కొంచెం కొంచెంగా పెంచండి. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు కాలిపోతాయి. కొత్తగా వచ్చే ఆకులు ఎర్రబడుతుంటే అదే దాని నిజమైన రంగు. అప్పటికే ముదిరిన ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు. రాగి కలిసిన శిలీంధ్రనాశినులను, రాగి పాత్రలోని నీళ్లను ఈ కుటుంబం మొక్కలకు దగ్గరకు రానివ్వకండి, రాగి వీటికి విషం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆకును గోటితో రుద్ది చూశాను, మీరు చెప్పినట్టే వెండి కిందంతా పచ్చగానే ఉంది. నియోరెజీలియాల మధ్యనే సంకరణం మొదలుపెడతాను, ఎక్మియాతో ఒకటి రెండు పువ్వులు మాత్రం ప్రయత్నిస్తాను. గింజలు పక్వమైనట్టు ఎలా తెలుస్తుంది? వాటిని వెంటనే నాటాలా, దాచవచ్చా? గింజ నుంచి పూత దాకా ఎంత కాలం పడుతుంది? గుజ్మానియాకు కూడా కాయలు పడితే వాటి పద్ధతి ఇదేనా?

మూడవ జవాబు

నియోరెజీలియా, ఎక్మియా, బిల్‌బెర్జియాలకు కండగల చిన్న పండ్లు వస్తాయి. నియోరెజీలియా పండు గుంట అడుగునే ఊరుతుంది. సుమారు రెండు మూడు నెలలకు తెల్లగానో, గులాబీగానో, ఊదాగానో రంగు తిరిగి, పట్టకారుతో మెల్లగా లాగగానే ఊడి వస్తుంది. ఊడిరాకపోతే ఇంకా పండలేదన్నమాట, బలవంతం చేయవద్దు. పండును కాగితం మీద నొక్కితే జిగురులో చుట్టుకున్న గింజలు బయటికి వస్తాయి. ఆ జిగురును నీళ్లలో కడిగి, మళ్లీ కాగితం మీద దొర్లించి పూర్తిగా వదిలించండి, అది మిగిలితే గింజకు బూజు పడుతుంది. ఈ గింజలకు ఎక్కువ కాలం మొలకెత్తే శక్తి ఉండదు, కాబట్టి కడిగిన వారంలోనే చల్లడం మంచిది.

ఈ గింజలకు మొలకెత్తడానికి వెలుతురు కావాలి, అందువల్ల మట్టి కప్పకూడదు. మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో, వేడి నీళ్లు పోసి చల్లార్చిన సన్నని కొబ్బరి పొట్టును వేలు మందాన పరిచి, తడి ఉండి నీళ్లు కారనంతగా చేసి, గింజలను ఒకదానికొకటి తగలకుండా పైపైన చల్లండి. నేరుగా ఎండ పడని వెలుతురులో, 20 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచితే ఒకటి నుంచి మూడు వారాల్లో పచ్చని చుక్కలు కనిపిస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి పాచి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. ఉపరితలం ఆకుపచ్చని జిగురుగా మారుతుంటే మొలకలను కొత్త పొట్టులోకి మార్చడమే తప్ప మందులతో ప్రయోజనం లేదు. మూతను రోజుకు కొంత సేపు తెరుస్తూ, ఆకులు గట్టిపడ్డాక పూర్తిగా తీసేయండి. పిల్ల మొక్కలు రెండు సెంటీమీటర్లు దాటాక అయిదారింటిని కలిపి ఒకే కుండీలో నాటితే, ఒక్కొక్కటిగా నాటినదానికన్నా చక్కగా తేమ నిలుపుకుంటాయి. ఈ దశలో, పై మిత్రుడు ఎరువు గురించి చెప్పిన నియమాన్ని నేను పాటించను. చిన్న మొక్కలకు బాగా పలుచన చేసిన ఎరువు క్రమంగా ఇస్తే త్వరగా ఎదుగుతాయి, రంగు కోసం ఎరువు తగ్గించవలసింది అవి సగం ఎదిగాకే.

రంగు చూసి తొందరపడి మొక్కలను తీసేయకండి. పచ్చగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉన్న పిల్ల రెండో ఏట మంచి వెలుతురులోకి మారాక గుర్తుపట్టలేనంతగా మారడం నేను చూశాను. పురుగు పట్టినవాటిని, ఎదుగుదల వంకర పోయినవాటిని మాత్రమే ముందుగా తీసేయండి. పొలుసు పురుగు కనిపిస్తే తడి గుడ్డతో తుడవండి. నూనె మందులు చల్లితే, మొక్క నీళ్లు పీల్చుకునే పొలుసు రోమాలు మూసుకుపోతాయి. గుంటల్లో దోమలు పెరగకుండా నీళ్లను తరచూ పొర్లించి మారుస్తుండాలి. నియోరెజీలియా గింజ నుంచి పూతకు రావడానికి సాధారణంగా మూడేళ్ల చుట్టూ పడుతుంది. వ్రీసియాల్లో అంతకు రెట్టింపు పట్టేవి ఉన్నాయి.

గుజ్మానియా పద్ధతి పూర్తిగా వేరు. దానికి పండు రాదు, ఎండిన కాయ వస్తుంది. రంగు ఆకుల మధ్య దాగిన ఆ కాయ నెలల తరబడి పచ్చగానే ఉండి, గోధుమ రంగుకు తిరిగి మూడుగా పగిలినప్పుడు, గాలిలో ఎగిరే సన్నని పీచు కుచ్చుతో గింజలు బయటపడతాయి. గోధుమ రంగు మొదలవగానే చిన్న కాగితపు సంచి తొడగకపోతే ఒక్క రోజులో అన్నీ చెదిరిపోతాయి. వాటికి కడగడం అవసరం లేదు, పీచుతోనే తడి కొబ్బరి పొట్టు మీద పరిచి, నీటి తుంపరలతో అంటుకునేలా చేస్తే చాలు.

మొదటి జవాబు రాసినవారు

ఒక్క విషయం చేర్చాలి, చీటీ గురించి. తల్లి పేరు ముందు, గుణకార గుర్తు తర్వాత తండ్రి పేరు, కింద పుప్పొడి అద్దిన తేదీ, పండు కోసిన తేదీ రాయండి. నియోరెజీలియా గూటిలో పువ్వుకు దారం కట్టడం సాధ్యం కాదు. అద్దిన పువ్వు పక్కన రంగు ప్లాస్టిక్ ముక్కను గుచ్చి, ఒక్కో తండ్రికి ఒక్కో రంగు కేటాయించండి. మీ తల్లి మొక్క పేరు ఖచ్చితంగా తెలియకపోతే, చూడటానికి దగ్గరగా ఉన్న పేరు తగిలించకుండా 'పేరు తెలియని ఎర్ర నియోరెజీలియా' అనే రాయండి. ఊహించి రాసిన పేరు మీ పిలకలతో పాటు పదిమంది ఇళ్లకు చేరి నిజంగా స్థిరపడిపోతుంది. బ్రొమీలియాడ్లలో ఇప్పటికే తల్లిదండ్రులెవరో తేలని సంకరాలు లెక్కకు మించి ఉన్నాయి.

మీ పిల్లల్లో ఒకటి నిజంగా కొత్తగా కనిపిస్తే దానికి పేరు పెట్టే ఏర్పాటు ఉంది. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ బ్రొమీలియాడ్ సంఘం రకాల పేర్ల పట్టికను నిర్వహిస్తుంది. మీరు పెట్టే పేరు ఎంచుకున్న ఆ ఒక్క మొక్కకూ, దాని పిలకలకూ మాత్రమే చెందుతుంది, అదే పండులో పుట్టిన తోబుట్టువులకు కాదు. నమోదుకు వెళ్లే ముందు ఆ మొక్క పూసి, పిలకలు వేసి, ఆ పిలకలు కూడా ఎదిగి అదే రంగు, అదే ఆకారం చూపించేదాకా ఆగండి. ఈలోగా చీటీ మీద సంకరణ సంఖ్య, మొక్క సంఖ్య ఉంటే చాలు. పూత సమయంలో గుంటను పై నుంచి ఒకటి, మొక్కను పక్క నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి ఉంచుకోండి.